నానోసెన్సార్‌తో సత్వర రోగనిర్ధారణ: బంగారు నానోకణాల పరీక్షపట్టీని రూపొందించే విధానం

నానోసెన్సార్ల (నానోమీటర్ల పరిమాణంలోని పదార్థాలతో అణువులను గుర్తించే సెన్సార్ల) మీద పని మొదలుపెట్టే వైద్య పరిశోధకులలో చాలామంది ముందుగా పదార్థాన్ని ఎంచుకుంటారు. గ్రాఫీన్ చేతికందిందనో, సిలికాన్ నానోతీగలు తయారుచేసే సదుపాయం పక్క విభాగంలో ఉందనో ఆ దారి పడతారు. ఏ రోగానికి, ఏ రోగికి, ఏ నమూనాలో అన్న ప్రశ్నలు తర్వాత వెతుక్కోవలసినవిగా మిగిలిపోతాయి. ఈ మార్గదర్శి ఆ వరుసను తలకిందులు చేస్తుంది. ముందు వైద్యపరమైన ప్రశ్న, ఆ తర్వాత నమూనా, చివరికి నానోకణం. ఉదాహరణగా తీసుకున్నది బంగారు నానోకణాలతో పనిచేసే పార్శ్వ ప్రవాహ పరీక్షపట్టీ, అంటే నమూనా ద్రవం పట్టీ పొడవునా పాకుతూ పోయే పరీక్ష. ఇంట్లో వాడే గర్భనిర్ధారణ పరీక్ష ఈ కోవకు చెందినదే. ఇది పాతబడిన పద్ధతి అని తేలికగా చూడవలసిన పని లేదు. నానోసెన్సార్‌కు ఎదురయ్యే చిక్కులన్నీ ఇందులో కంటికి కనిపించేలా ఎదురవుతాయి కాబట్టి, నేర్చుకునేవారికి దీనికన్నా మంచి గురువు లేదు.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయడం

ప్రయోగశాలలో అడుగుపెట్టకముందే ఒక కాగితం మీద ఈ వాక్యాన్ని పూర్తి చేయాలి: ఫలానా లక్షణాలతో, ఫలానా చోటికి, జబ్బుపడిన ఎన్నో రోజున వచ్చిన వ్యక్తిలో, ఫలానా గుర్తింపు అణువు ఫలానా గాఢతకు మించి ఉంటే వైద్యుడు ఫలానా నిర్ణయం తీసుకుంటాడు. ఈ వాక్యంలో ఏ ఖాళీ పూరించలేకపోయినా సెన్సార్ తయారీ వాయిదా వేసుకోవడమే మంచిది. ఎందుకంటే పరీక్ష ఫలితం ఎలా వచ్చినా చికిత్స మారదని తెలిశాక, ఆ పరీక్ష అయిదు నిమిషాల్లో పూర్తయినా అయిదు గంటల్లో పూర్తయినా ఒకటే.

గాఢత విషయంలో అంకెలు ఖచ్చితంగా ఉండాలి. వాపును సూచించే సీ-రియాక్టివ్ ప్రొటీన్ రక్తంలో లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు విడుదలయ్యే ట్రోపోనిన్‌ను లీటరుకు నానోగ్రాముల్లో కొలుస్తారు. ఈ రెండింటి మధ్య దాదాపు పది లక్షల రెట్ల తేడా ఉంది. మొదటిదానికి మామూలు పట్టీ సరిపోవడమే కాక, నమూనాను పలుచన చేయవలసి రావచ్చు. రెండో దానికి మామూలు బంగారు కణం, కంటిచూపు చాలవు. పైగా ట్రోపోనిన్ విషయంలో ఒక్క కొలత కన్నా, కొంత వ్యవధిలో అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ముఖ్యం. కాబట్టి ఉందా లేదా అని మాత్రమే చెప్పే పట్టీ అక్కడ వైద్యుడి ప్రశ్నకు సగం జవాబే ఇస్తుంది.

‘సత్వర’ అన్న మాటకు కూడా నిర్వచనం కావాలి. నమూనా పట్టీ మీద పడినప్పటినుంచి గీత కనిపించేదాకా పట్టే కాలాన్ని చెప్పి ఊరుకోవడం పరిశోధన పత్రాలలో పరిపాటి. రోగికి లెక్కలోకి వచ్చేది మాత్రం నమూనా సేకరణ మొదలుకొని చికిత్స నిర్ణయం దాకా పట్టే సమయం. పదిహేను నిమిషాల పట్టీకి ముందు నలభై నిమిషాల సెంట్రిఫ్యూజ్ (ద్రవాన్ని వేగంగా తిప్పి వేరుచేసే యంత్రం) పని ఉంటే అది పదిహేను నిమిషాల పరీక్ష కాదు.

రెండో అడుగు: సంకేతం పుట్టే పద్ధతిని ఎంచుకోవడం

ఏ జీవసెన్సార్‌లోనైనా రెండు భాగాలుంటాయి: లక్ష్య అణువును పట్టుకునే గ్రాహకం, ఆ పట్టును కొలవదగిన సంకేతంగా మార్చే పరికరం. 1962లో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ప్రతిపాదించిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ నుంచి నేటి గ్లూకోజ్ మీటర్ దాకా ఈ నిర్మాణం మారలేదు. నానో స్థాయికి వచ్చేసరికి మారింది సంకేతం పుట్టే తీరు. బంగారు నానోకణంలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగడం వల్ల ఆ ద్రావణానికి గాఢమైన ఎరుపు వస్తుంది. నానోతీగలో లక్ష్య అణువు విద్యుదావేశం వల్ల తీగ వాహకత మారుతుంది. ఎలక్ట్రోడ్ మీద పేర్చిన నానోకణాలు ఉపరితల వైశాల్యాన్ని పెంచి విద్యుత్ ప్రవాహాన్ని హెచ్చిస్తాయి.

నానోతీగల గురించి ఒక హెచ్చరిక చెప్పడం అవసరం. 2001లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం సిలికాన్ నానోతీగలతో ప్రొటీన్‌ను గుర్తించగలమని చూపినప్పటినుంచి ఈ రంగంలో ఆశలు ఎక్కువయ్యాయి. అయితే రక్తంలో ఉన్నంత ఉప్పు కలిగిన ద్రావణంలో, అయాన్లు చుట్టూ మూగడం వల్ల, ఒక అణువు విద్యుదావేశ ప్రభావం 1 నానోమీటరు కూడా దాటదు. దీన్నే డెబై దూరం అంటారు. గ్రాహకంగా వాడే ప్రొటీన్ అయిన యాంటీబాడీ పొడవే దాదాపు 10 నానోమీటర్లు. అంటే యాంటీబాడీ చివర చిక్కుకున్న లక్ష్య అణువు ఆవేశం తీగ దాకా చేరకముందే మరుగున పడిపోతుంది. అందుకే ఇలాంటి ప్రయోగాలలో నమూనాను బాగా పలుచన చేయడమో, ఉప్పును తొలగించడమో, పొట్టి గ్రాహకాలను వాడటమో జరుగుతుంది. ఈ అదనపు పని రోగి మంచం పక్కన ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

రెండో అడ్డంకి లెక్కకు సంబంధించినది. 1 ఫెమ్టోమోలార్ గాఢత అంటే ఒక మైక్రోలీటరులో సుమారు 600 అణువులు మాత్రమే. ఇంత తక్కువ అణువులు, సెన్సార్ ఎంత చిన్నదైతే అంత అరుదుగా, వాటంతట అవి దాని మీదికి వచ్చి తగలాలి. సెన్సార్ ఎంత సున్నితమైనదైనా అణువు వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు. సూక్ష్మమైన సెన్సార్‌ను నిశ్చల ద్రావణంలో ఉంచి నిమిషాల్లో ఫెమ్టోమోలార్ ఫలితం వస్తుందనే వాదన కనిపిస్తే, నమూనాను ఎలా ప్రవహింపజేశారో, ఎలా పోగుచేశారో చూసిన తర్వాతే నమ్మాలి.

మూడో అడుగు: బంగారు కణాల తయారీ

మైఖేల్ ఫారడే 1857లోనే బంగారు కలిల ద్రావణాల (సూక్ష్మకణాలు తేలియాడే ద్రవాల) రంగుల గురించి రాశాడు. నేటికీ వాడుతున్న సిట్రేట్ పద్ధతిని 1951లో టర్కెవిచ్, ఆయన సహచరులు వివరించారు. సిట్రేట్ మోతాదు తగ్గిస్తే కణం పెద్దదవుతుందని 1973లో ఫ్రెన్స్ చూపాడు. పట్టీలకు సాధారణంగా 40 నానోమీటర్ల కణం అనుకూలం: అంతకన్నా చిన్నదైతే గీత రంగు పలచగా ఉంటుంది, చాలా పెద్దదైతే ద్రావణం నిలకడ తప్పి అడుగున చేరుతుంది.

ముందుగా గాజు పాత్రలను ఆక్వా రీజియాతో కడిగి, స్వేదనజలంతో పలుమార్లు మళ్లీ కడగాలి. ఇది మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక వంతు నైట్రిక్ ఆమ్లం కలిసిన ప్రమాదకరమైన మిశ్రమం. ఫ్యూమ్ హుడ్ కిందనే కలపాలి, ఎట్టి పరిస్థితిలోనూ మూత బిగించి నిల్వ చేయకూడదు. ఆ తర్వాత 0.01 శాతం క్లోరోఆరిక్ ఆమ్ల ద్రావణాన్ని 100 మిల్లీలీటర్లు తీసుకుని, బాగా కలియబెడుతూ మరిగించి, 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ ద్రావణాన్ని 1 మిల్లీలీటరు ఒక్కసారిగా పోయాలి. లేత పసుపు రంగు మాయమై, నల్లగా, ఊదాగా మారి, చివరికి ఎర్రగా స్థిరపడుతుంది. అదే 2 మిల్లీలీటర్లు పోస్తే కణం పరిమాణం సుమారు 16 నానోమీటర్లకు తగ్గుతుంది.

వచ్చినదాన్ని వర్ణపటమాపకంతో పరీక్షించాలి. శోషణ శిఖరం చిన్న కణాలకు 520 నానోమీటర్ల దగ్గర, 40 నానోమీటర్ల కణాలకు 530కి కాస్త ఇవతల కనిపిస్తుంది. శిఖరం వెడల్పుగా ఉంటే కణాలు ఒకే పరిమాణంలో లేవని అర్థం. 600 దాటాక తోక లేస్తే అవి గుంపులు కడుతున్నాయని అర్థం. కాంతి పరిక్షేపణతో పరిమాణం కొలిచేటప్పుడు ఒక సంగతి మరవరాదు: పరిక్షేపణ తీవ్రత వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, కొద్దిపాటి పెద్ద ముద్దలే కొలతను తమవైపు లాగేస్తాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రం ఒకసారైనా తీసి ఉంచుకోవాలి.

నాలుగో అడుగు: యాంటీబాడీని కణానికి అతికించడం

నెలలకు నెలలు కరిగిపోయేది ఇక్కడే. పైకి చూస్తే కలిపి వదిలేసే పనిలా ఉంటుంది, కానీ ఈ దశలో తొందరపడి ముందుకు పోయినవారు తర్వాత పట్టీ మీద, పొర మీద, నమూనా మీద నిందలు మోపుతూ కాలం గడపడం నేను చాలాసార్లు చూశాను; ఆ జాబితాలో నా పేరూ ఉంది.

కొన్న యాంటీబాడీ సీసాలో యాంటీబాడీ ఒక్కటే ఉండదు. నిలకడ కోసం కలిపిన ఆల్బుమిన్, గ్లిసరాల్, సోడియం అజైడ్, ట్రిస్ వంటివి ఉండవచ్చు. ఆల్బుమిన్ ఉంటే కణం ఉపరితలాన్ని యాంటీబాడీ కన్నా ముందు అదే ఆక్రమిస్తుంది. కాబట్టి తక్కువ ఉప్పు గల బఫర్‌లోకి (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలోకి) యాంటీబాడీని మార్చుకోవడం తప్పనిసరి. ఆ తర్వాత బంగారు ద్రావణం పీహెచ్‌ను పొటాషియం కార్బొనేట్‌తో యాంటీబాడీ సమవిద్యుత్ బిందువుకు (దాని మొత్తం విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్‌కు) కాస్త పైకి తేవాలి. చాలా యాంటీబాడీలకు 8.5 నుంచి 9 మధ్య పని జరుగుతుంది. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్‌ను బంగారు ద్రావణంలో నేరుగా ముంచితే కణాలు దాని రంధ్రాలలో పేరుకుని పరికరం పాడవుతుంది. పీహెచ్ కాగితం వాడటం మేలు.

ఎంత యాంటీబాడీ కావాలో తేల్చేది ఉప్పు పరీక్ష. పీహెచ్ సరిచేసిన బంగారు ద్రావణాన్ని మిల్లీలీటరు చొప్పున పది గొట్టాల్లో పోసి, వాటికి వరుసగా 0 నుంచి 20 మైక్రోగ్రాముల దాకా యాంటీబాడీ కలిపి, పది నిమిషాలు ఆగాక, ప్రతి గొట్టంలో 10 శాతం ఉప్పు ద్రావణాన్ని 100 మైక్రోలీటర్లు వేయాలి. యాంటీబాడీ చాలని గొట్టాల్లో ఉప్పు కణాల మధ్య వికర్షణను చెరిపేయడంతో అవి ఒకదానికొకటి అతుక్కుని ద్రావణం నీలంగా మారుతుంది. ఎర్రగా నిలిచిన గొట్టాలలో అన్నిటికన్నా తక్కువ మోతాదు ఏదో గుర్తించి, దానికి కొంచెం ఎక్కువ తీసుకోవాలి. ఇదే పరీక్షను మూడు నాలుగు పీహెచ్ విలువల వద్ద చేయడం శ్రమే అయినా, ఆ ఒక్కరోజు శ్రమ తర్వాతి అనేక వారాలను కాపాడుతుంది. అయితే ఎర్రగా నిలవడం కణం కప్పబడిందని చెబుతుందే తప్ప యాంటీబాడీ సరైన దిశలో నిలబడి లక్ష్యాన్ని పట్టుకోగలదని చెప్పదు. ఆ సంగతి పట్టీ మీదే తేలాలి.

మిగిలిన ఖాళీలను 1 శాతం ఆల్బుమిన్‌తో కప్పి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అతకని యాంటీబాడీని పైనీటితో పాటు తీసివేయాలి. అడుగున చేరినది మెత్తని ఎర్రటి మడ్డిలా ఉండి, తడితే విడిపోవాలి. గొట్టం గోడకు నల్లని పొరలా అంటుకుంటే వేగం ఎక్కువైందని లెక్క. సిద్ధమైన ద్రావణాన్ని 4 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి, గడ్డకట్టనివ్వరాదు.

అయిదో అడుగు: పట్టీ కూర్పు

పట్టీలో నమూనా మెత్త, బంగారు కణాలు ఎండబెట్టిన మెత్త, నైట్రోసెల్యులోజ్ పొర, పీల్చు మెత్త ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కి ఉంటాయి. పొర మీద రెండు గీతలు: పరీక్ష గీతలో లక్ష్యాన్ని మరోచోట పట్టుకునే రెండో యాంటీబాడీ, నియంత్రణ గీతలో బంగారంపై ఉన్న యాంటీబాడీనే పట్టుకునే యాంటీబాడీ. పరీక్ష గీతకు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గాఢతతో ప్రారంభించి ఎటు మార్చాలో చూసుకోవచ్చు. నియంత్రణ గీత ద్రవం చివరిదాకా పారిందనీ బంగారు కణాలు కదిలాయనీ మాత్రమే చెబుతుంది. రోగి నమూనా సరిగా తీశారని అది హామీ ఇవ్వదు.

ద్రవం పరీక్ష గీతను దాటేది కొన్ని క్షణాల్లోనే. యాంటీబాడీల జతను ఎంచుకునేటప్పుడు ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నదాని కన్నా ఎంత త్వరగా పట్టుకుంటాయన్నదే ఇక్కడ లెక్కకు వస్తుంది. గంటసేపు నిలకడగా ఉంచే ఎలైసా అనే ప్రయోగశాల యాంటీబాడీ పరీక్షలో గెలిచిన జత పట్టీ మీద ఓడిపోవడానికి కారణం ఇదే. అందువల్ల జతలను ఎలైసాతో వడపోసి ఊరుకోక, పట్టీ మీదే ప్రతి జతనూ, రెండు దిక్కులా, అంటే ఒకదాన్ని బంగారం మీద మరొకదాన్ని గీత మీద, తర్వాత తారుమారు చేసి, పరీక్షించాలి.

లక్ష్య అణువు మితిమీరి ఉన్నప్పుడు గీత మసకబారడం మరో వింత. బంగారు కణాల మీదా గీత మీదా ఉన్న స్థానాలు వేర్వేరుగా నిండిపోవడంతో మధ్యలో వంతెన కట్టే అణువు ఉండదు. దీన్ని హుక్ ప్రభావం అంటారు. అత్యధిక గాఢత దాకా పరీక్షించని పట్టీ, జబ్బు బాగా ముదిరిన రోగినే ఆరోగ్యవంతుడని చెప్పే ప్రమాదం ఉంది.

ఆరో అడుగు: నిజమైన నమూనాతో ఢీకొనడం

బఫర్‌లో పనిచేసిన పట్టీని చూసి సంబరపడే కాలం ఇక ముగుస్తుంది. ప్లాస్మాలో లీటరుకు దాదాపు 70 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మనం వెతికే అణువు ఆ సముద్రంలో ఒక చుక్క కూడా కాదు. కొందరి రక్తంలో జంతువుల యాంటీబాడీలకు అతుక్కునే సొంత యాంటీబాడీలు ఉంటాయి, రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. ఇవి లక్ష్య అణువు లేకపోయినా బంగారు కణాన్నీ పరీక్ష గీతనూ కలిపేసి తప్పుడు గీతను పుట్టిస్తాయి. పట్టీలో బయోటిన్ (ఒక విటమిన్), దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ప్రొటీన్ జతను వాడితే, బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో తీసుకునేవారి ఫలితాలు తారుమారవుతాయి. లాలాజలం విషయానికి వస్తే, దాని జిగురు మనిషిమనిషికీ, పూటపూటకూ మారుతుంది.

ఆచరణలో చేయవలసినది ఇది. ఆరోగ్యవంతులైన కనీసం ఇరవై ముప్పై మంది నమూనాలను విడివిడిగా తీసుకోవాలి. అన్నీ కలిపి ఒకే సీసాలో పోసిన నమూనా మనిషిమనిషికీ ఉండే తేడాను దాచేస్తుంది. ప్రతిదానిలో తెలిసిన మోతాదులో లక్ష్య అణువును కలిపి, అందులో ఎంత తిరిగి కొలవగలిగామో లెక్కించాలి. ఆ తర్వాత ఎర్రకణాలు చిట్లిన రక్తం, కొవ్వు ఎక్కువగా ఉన్న రక్తం, పచ్చకామెర్ల రక్తంతో, లక్షణాలు ఒకేలా ఉండే ఇతర రోగాల నమూనాలతో పరీక్షించాలి. తప్పుడు గీతలు వస్తే నమూనా మెత్తలో అడ్డుకునే యాంటీబాడీలు, కొద్దిపాటి డిటర్జెంట్, తగిన ఉప్పు చేర్చి చూడాలి. ఇక్కడ ఏది మార్చినా నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లి కణాల నిలకడను మళ్లీ చూసుకోక తప్పదు.

ఏడో అడుగు: గుర్తింపు పరిమితిని నిజాయితీగా లెక్కించడం

ఖాళీ నమూనా (లక్ష్య అణువు లేనిది) సంకేతం సగటుకు మూడు ప్రామాణిక విచలనాలు కలిపి అదే గుర్తింపు పరిమితి (నమ్మకంగా గుర్తించగల అతి తక్కువ స్థాయి) అనడం తేలిక. అంతకన్నా మెరుగైన పద్ధతి రెండు మెట్లలో సాగుతుంది. మొదట ఖాళీ నమూనాల సగటుకు వాటి ప్రామాణిక విచలనాన్ని 1.645తో గుణించి కలిపితే ఖాళీ హద్దు వస్తుంది. దానికి తక్కువ గాఢత గల నమూనాల విచలనాన్ని 1.645తో గుణించి కలిపితే గుర్తింపు పరిమితి వస్తుంది. ఉదాహరణకు ఖాళీ నమూనాల సగటు సంకేతం 12, విచలనం 4 అయితే ఖాళీ హద్దు సుమారు 18.6, తక్కువ గాఢత నమూనాల విచలనం 5 అయితే గుర్తింపు పరిమితి సంకేతం సుమారు 26.8. ఈ కొలతలు ఒకే మధ్యాహ్నం, ఒకే చేతితో, ఒకే తయారీ విడతతో చేసినవైతే వాటి విలువ తక్కువ. వేర్వేరు రోజులు, కనీసం రెండు మూడు విడతలు, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండాలి.

కంటితో చదివే పట్టీ అయితే, సమాధానం తెలియని పాఠకులకు కలగలిపిన పట్టీలను ఇచ్చి వేర్వేరుగా చదివించాలి. తయారుచేసినవాడి కన్ను లేని గీతను కూడా చూస్తుంది.

ఎనిమిదో అడుగు: రోగులతో మూల్యాంకనం

నైతిక సంఘం అనుమతి, పాల్గొనేవారి సమ్మతి లేనిదే ఇక్కడ ఏదీ మొదలుకాదు. ఏ గాఢత దాటితే పాజిటివ్ అనే హద్దును అధ్యయనానికి ముందే నిర్ణయించి రాసిపెట్టుకోవాలి. వచ్చిన ఫలితాలను చూశాక హద్దును జరిపితే, ఆ అంకెలు మరో రోగుల సమూహంలో నిలబడవు. పోల్చే ప్రామాణిక పరీక్షను చేసేవారికి పట్టీ ఫలితం తెలియకూడదు, పట్టీ చదివేవారికి ప్రామాణిక ఫలితం తెలియకూడదు.

ఎవరిని చేర్చుకుంటామన్నది అన్నిటికన్నా ముఖ్యం. బాగా ముదిరిన రోగులను ఒకవైపు, ఏ బాధా లేని విద్యార్థులను మరొకవైపు నిలబెడితే ఏ పరీక్ష అయినా గొప్పగా కనిపిస్తుంది. మొదటి అడుగులో రాసిన వాక్యంలోని వ్యక్తులనే, అంటే ఆ లక్షణాలతో వచ్చినవారిని వరుసగా, ఏరివేయకుండా చేర్చుకోవాలి. సంఖ్య విషయంలోనూ భ్రమ వద్దు: 50 మంది రోగులలో 50 మందినీ సరిగ్గా గుర్తించినా, సున్నితత్వానికి (జబ్బు ఉన్నవారిని గుర్తించే శాతానికి) 95 శాతం విశ్వాస అవధిలో కింది హద్దు దాదాపు 93 శాతమే. నియంత్రణ గీత రాని పట్టీలను పారేసి లెక్కలోంచి తప్పించకూడదు. ఎన్ని విఫలమయ్యాయో చెప్పాలి. నివేదిక రాసేటప్పుడు, రోగనిర్ధారణ అధ్యయనాల నివేదికల కోసం రూపొందించిన స్టార్డ్ 2015 అంశాల జాబితాను పక్కన పెట్టుకుంటే మరిచిపోయే విషయాలు తగ్గుతాయి.

సున్నితత్వం 95 శాతం, నిర్దిష్టత (జబ్బు లేనివారికి నెగెటివ్ చూపే శాతం) 98 శాతం ఉన్న పట్టీని తీసుకుందాం. 10,000 మందిలో 100 మందికి మాత్రమే జబ్బు ఉన్నచోట అది 95 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, కానీ ఆరోగ్యవంతులైన 9,900 మందిలో 198 మందికి తప్పుగా పాజిటివ్ చూపుతుంది. అంటే పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఒక్కరికే జబ్బు. అదే పట్టీని, 2,000 మందికి జబ్బు ఉన్న 10,000 మందిలో వాడితే 1,900 నిజమైన పాజిటివ్‌లకు 160 తప్పుడువి మాత్రమే వస్తాయి. పట్టీ మారలేదు, దాన్ని వాడిన చోటు మారింది. కాబట్టి ఫలితాల పట్టికలో ఏ తావులో, ఎంత వ్యాప్తి వద్ద ఈ అంచనా వర్తిస్తుందో రాయకపోతే చదివే వైద్యుడు తప్పుదారి పడతాడు.

తొమ్మిదో అడుగు: ప్రయోగశాల గడప దాటాక

ప్రపంచ ఆరోగ్య సంస్థ అష్యూర్డ్ పేరుతో చెప్పిన కొలమానాలు, అంటే అందుబాటు ధర, సున్నితత్వం, నిర్దిష్టత, వాడటంలో తేలిక, వేగం, నిల్వలో చెడిపోని దృఢత్వం, పరికరాలు అక్కరలేకపోవడం, అవసరమైనవారికి చేరడం, ఈ దశలో సరిచూసుకోదగినవి. వీటిలో పరిశోధకులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది నిల్వ. పట్టీకి తేమ శత్రువు. తేమను పీల్చే పొట్లంతో పాటు రేకు సంచిలో మూసివేయాలి. ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద కొన్ని వారాలు ఉంచి ఏడాది నిల్వను అంచనా వేయవచ్చు గానీ, ఆ అంచనా నిజసమయ నిల్వ పరీక్షకు బదులు కాదు. తయారైన ప్రతి విడత నుంచి కొన్ని పట్టీలను పక్కనపెట్టి, గుర్తింపు పరిమితికి కాస్త పైన ఉన్న నమూనాతో నిర్ణీత వ్యవధుల్లో పరీక్షించాలి. బలమైన పాజిటివ్ నమూనాతో పరీక్షిస్తే సగం చచ్చిన పట్టీ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

వాడుక సూచనల పత్రాన్ని, ఈ పనితో సంబంధం లేని పదిమందికి పట్టీతో సహా ఇచ్చి, ఒక్క మాట కూడా సాయం చేయకుండా కూర్చుని గమనించాలి. ఎన్ని చుక్కలు వేశారు, పట్టీని ఎటు తిప్పి పట్టుకున్నారు, ఎన్నో నిమిషంలో చదివారు అన్నవి రాసుకోవాలి. నిర్ణీత సమయం దాటాక ఎండిపోతున్న పొర మీద మసక గీత తేలడం సహజం కాబట్టి, ఆలస్యంగా చదివిన ప్రతి పట్టీ ఒక తప్పుడు పాజిటివ్ కావచ్చు. చదవవలసిన నిమిషాన్ని పత్రంలో మాత్రమే కాక పట్టీ పెట్టె మీదే ముద్రించాలి.